తడిగోనె కట్టిన గది

మా గోడ పక్కనే కొత్తగా లేచిన అపార్ట్‌మెంటులో కొన్నాళ్లుగా చెక్కపని జరుగుతోంది. మిషను రంపం పొద్దున్నే కూత మొదలుపెడుతుంది. ఆ కూతతో నాకు పేచీ లేదు. దానితోపాటు తెల్లటి పొడి కిటికీలోంచి వచ్చి మా ఇంట్లో వాలుతోంది, పేచీ దానితోనే. నిన్న పొద్దున మందిరంలో దీపం పెట్టబోతూ, అలవాటు కొద్దీ ఇత్తడి కుంది మీద వేలు పెట్టి చూశాను. వేలికి పొడి అంటింది. పెరట్లోకి వెళ్లి గోనెపట్టా ఒకటి తీసి, బకెట్టులో ముంచి, పిండి, కిటికీకి అడ్డంగా కట్టాను. కాసేపటికి గాలి వీచింది. తడిసిన గోనె వాసన గదంతా నిండింది. ఎవరికైనా అది పాత గోనె వాసనే. నాకు మాత్రం అది వీరరాఘవమ్మత్త. ఆవిడ పోయి ఎన్ని ఏళ్లయినా, తడిగోనె మీదుగా గాలి వీస్తే చాలు, వెనక నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది: "కట్టావు సరే, కింద జానెడు సందు ఎవరికోసం వదిలావే?"

ముడి విప్పి, మళ్లీ కిందదాకా లాగి కట్టాను.

ఆవిణ్ణి ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఈ లోకంలో నా కాళ్ల మీద, నా ఊపిరితో నిలబడ్డానంటే అది భగవంతుడి దయ. ఆ దయ మా ఇంటికి ఉలి పట్టుకుని వచ్చింది.

మా ఇల్లు తెనాలిలో, రైసు మిల్లుల వీధికి దగ్గర. నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. కోతలయ్యి మిల్లులు ఆడటం మొదలైతే ఊక దుమ్ము ఆ పేట మీద పలచగా పరుచుకునేది. దానితోపాటే నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. బడిలో సుద్దముక్కల పొడికి ఒకసారి స్పృహ తప్పి పడిపోయాక నాన్న బడి మాన్పించేశారు. ఆ తరవాత నా చదువంతా అమ్మ దగ్గరే. పొద్దున స్తోత్రాలు, మధ్యాహ్నం పురాణం, సాయంత్రం లెక్కలు. ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నది అమ్మ పెట్టిన అక్షరభిక్షతోనే. కానీ చదువు అయ్యాక మిగిలిన పొద్దంతా కిటికీ పక్కన నులకమంచమే నా చోటు. పరిగెత్తకు. చల్లనీళ్లు తాగకు. అది ముట్టుకోకు. ఇక్కడే కూర్చో. ఏం చెయ్యకూడదో నాకు కంఠతా వచ్చేది. ఏం చెయ్యవచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపం, వాళ్లకూ తెలియదు.

అరవైల నడుమ, నాకు పదకొండేళ్లప్పుడు, మా ఇంటి వెనక భాగంలోకి వీరరాఘవమ్మత్త, ఆవిడ భర్త బ్రహ్మం మామయ్య అద్దెకు దిగారు. మామయ్య కలప అడితిలో వడ్రంగి. మాటకు ముందు నవ్వే మనిషి. ఆవిడేమో మాటకు ముందు కనుబొమలు ఎగరేసే మనిషి. పొడుగ్గా, ఎముకలు తేలిన చేతులతో, కొంగు నడుముకు బిగించి, బియ్యం పొయ్యి మీద పెట్టి, అన్నం ఉడికేలోగా వెనక అరుగు మీద చెక్కముక్క ముందు పెట్టుకుని ఉలి ఆడించేది. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు పనిముట్లకు పసుపూ కుంకుమా పెడతారు, దణ్ణం పెడతారు. చేత పట్టరు. ఆ కట్టుబాటు మా వీధికంతా తెలుసు. అందుకే ఆవిడ ఉలి పట్టినప్పుడల్లా గోడ మీద తలకాయలు లేచేవి.

"ఏంటమ్మా వీరమ్మా, మీ ఆయన పని నువ్వు చేస్తంటే, నీ వంట మీ ఆయన చేస్తన్నాడా?" అని ఒక పొరుగావిడ అడిగింది.

"చేస్తన్నాడండి. ఉప్పు ఎక్కువేస్తన్నాడు. మీకు తీరికున్నట్టుంది గదా, వచ్చి కాస్త నేర్పిపోండి" అంది ఆవిడ తలెత్తకుండానే.

కిటికీలోంచి వింటున్న నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. "అయ్యో" అనలేదు. నన్ను చూసిన ప్రతివాళ్లూ అనేమాట అదే. ఆవిడ మాత్రం ఉలి కింద లేచిన చెక్కపొర ఒకటి, చుట్టలు చుట్టుకుని పసుప్పచ్చగా ఉన్నది, ఏరి తెచ్చి ఊచల మధ్యనుంచి నా చేతిలో పెట్టింది.

"వాసన చూడు."

"వద్దత్తా. దుమ్ము. అమ్మ తిడుతుంది."

"ఇది దుమ్మా? కళ్లు పెట్టి చూడవే. దుమ్మంటే ఎగిరేది. ఇది కింద పడింది. పడేదానికి భయపడమాక. ఎగిరేదానికి భయపడు."

అది పనస చెక్క. పండు ఇంట్లో ఎక్కడో మాగుతున్నప్పుడు దూరంనుంచి వచ్చే తీపి వాసన. ఆ చుట్టను రోజంతా అరచేతిలో దాచుకున్నాను. పిల్లికూత రాలేదు. అప్పటిదాకా నా చేతికి ఎవరైనా ఇచ్చినవి మందుసీసాలూ కషాయపు గ్లాసులూ. పని వాసన ఉన్న వస్తువు నా చేతికి రావడం అదే మొదలు. మర్నాడు ఊచల దగ్గరికి జరిగి అడిగాను, "నాకు నేర్పుతావా అత్తా?"

ఆవిడ నాకు సమాధానం చెప్పకుండా నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లి అడిగింది. అమ్మ హడలిపోయింది. సరిగ్గా అప్పుడే నన్ను చూడటానికి డాక్టరుగారు ఇంటికి వచ్చారు. మంచి మనిషి. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "అమ్మాయికి దుమ్ము తగలనివ్వకండి. దుమ్మున్న చోట అసలు ఉంచకండి" అని చెప్పి వెళ్లారు. గుమ్మం పక్కన నిలబడ్డ వీరరాఘవమ్మత్త వైపు అమ్మ తిరిగింది.

"విన్నావుగా వీరమ్మా. ఇంక ఆ మాటెత్తకు."

"విన్నానండి వదినగారూ. డాక్టరుగారు దుమ్ము వద్దన్నారు. చెక్క వద్దనలేదు."

"రెండూ ఒకటే కాదా?"

"ఒకటే అయితే మా నాన్న ఇయ్యాల ఉండడు." అని గుమ్మంలోనే చతికిలబడి చెప్పింది. ఆవిడ పుట్టిల్లు బాపట్ల. వాళ్ల నాన్న దేవుడి వాహనాలు చేసేవాడు, హంసలూ గుర్రాలూ. గాలి ఆడని కొట్టంలో ఏళ్ల తరబడి ఎండు కలప కోసి, రుద్ది, ఊపిరితిత్తుల నిండా పొడి నింపుకున్నాడు. చివరికి కొట్టంలో అడుగు పెడితే చాలు, దగ్గుతో మెలికలు తిరిగిపోయేవాడు. పని మానేస్తే బతకనని ఆయన ఏడిచాడు. అప్పుడీవిడ పనినే ఇంట్లోకి తెచ్చింది. దుమ్ము లేవకుండా పని చెయ్యటం ఎట్లాగో ఒక్కొక్కటే కనిపెట్టుకుంటూ వచ్చింది. "ఆడదాని చేతికి ఉలిచ్చాడని మా నాన్నని ఊరంతా ఆడిపోసుకున్నారండి. ఆయనివ్వలా. ఆయన చెయ్యి వొణికి ఉలి కిందపడింది. నేను తీశాను. తీసినదాన్ని మళ్లీ కింద పెట్టలా. అంతే."

అమ్మ నా మొహంకేసి చూసింది. ఏం కనిపించిందో ఏమో. "పని దగ్గర ఒక్కసారి ఆయాసం వచ్చిందంటే ఇంక ఆ మాటే లేదు" అంది. ఆ షరతు మీద నా బతుకు అత్త సిద్ధం చేసిన గదిలోకి అడుగు పెట్టింది. ఆయాసం వస్తే గది పోతుంది, మళ్లీ నులకమంచమే. పదకొండేళ్ల పిల్లకు ఇంతకంటే పెద్ద పందెం ఏముంటుంది?

మా భాగానికీ వాళ్ల భాగానికీ మధ్య ఒక గది ఉండేది. దక్షిణానికి ఒక తలుపు, ఉత్తరానికి ఒక తలుపు, కింద నాపరాళ్లు. వాడని పరుపులూ, బొంతలూ, దూదిబస్తా అందులో పడి ఉండేవి. అత్త నడుం బిగించింది. "చెక్కలో దుమ్ము తరవాతొచ్చిద్ది. ముందు మనింట్లోదాన్ని సాగనంపుదాం" అని అవన్నీ బయటికి ఈడ్పించింది. ఒక మూల పెదనాన్న విత్తనపు వడ్లబస్తాలు మాత్రం కదపలేదు. మా పొలం రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో. పెదనాన్న అక్కడే ఉండి సాగు చేసేవారు. అక్కడ ఎలుకల బాధని విత్తనం మా ఇంట్లో ఉంచేవారు. ఆ బస్తాల జోలికి ఇంట్లో ఎవరూ పోరు. అత్త వాటి మీద దళసరి దుప్పటి కప్పి ఊరుకుంది. గోడలకు సున్నంలో తుమ్మబంక కలిపి వేయించింది, పొడి రాలకుండా. రాళ్ల సందులు పూడ్పించింది. ఆ తరవాత మధ్యాహ్నం పైరగాలి లేచే వేళకు నన్ను గుమ్మం బయట నిలబెట్టి, దేవుడికి వెలిగించినట్టే భక్తిగా ఒక్క అగరువత్తి వెలిగించి, గదిలో ప్రతి మూలా నిలబడి పొగ ఎటు పోతోందో చూసింది. ఒకచోట పొగ మెలిక తిరగకుండా తిన్నగా ఉత్తరపు తలుపులోంచి బయటికి సాగింది. అక్కడ ముగ్గుపిండితో గీత గీసి పీట వేసింది.

"ఇదే నీ చోటు. గాలి నీ పక్కగా వచ్చి, చెక్క మీదుగా బైటికి పోవాల. నీ వీపు వెనకనించి వచ్చిందనుకో, నీ మొహం ముందే సుడి తిరిగిద్ది."

దక్షిణపు తలుపుకు తడిగోనె కట్టింది, వీధిలోని ఊకదుమ్ము లోపలికి రాకుండా. ఆ గదికి ఆవిడ పెట్టిన కట్టుబాట్లు మా ఇంటి మడి కంటే గట్టివి. రంపం గదిలోకి రాకూడదు. కోత పెరట్లోనే, మామయ్య చేత, కోసేచోట నీళ్లచుక్కలు పడుతూ ఉండగా. గరుకు కాగితం ఆ గుమ్మం తొక్కకూడదు. నునుపు కావాలంటే గాజుపెంకు అంచుతో గీకాలి, ఉల్లిపొర లాంటి పొర లేస్తుంది గానీ పొడి లేవదు. చీపురుకు ప్రవేశం లేదు, తడిగుడ్డే. ఒంటి మీది పనిబట్టలు ఆ గదిలోనే విడవాలి. అన్నిటికంటే ముఖ్యం, చెక్క పచ్చిది కావాలి. "పచ్చిది ముక్కై పడిద్ది, ఎండింది పొడై లేచిద్ది" అనేది. లేచిన పొరలు వెడల్పాటి తట్టలో పడాలి, పడ్డవాటి మీద నీళ్లు చిలకరించాలి, సాయంత్రానికి అవి వేణ్ణీళ్లపొయ్యిలోకి పోవాలి.

ఇక కుంది. చింతపండుతో తళతళా తోమిన ఇత్తడి కుందిని గది గోడ గూట్లో పెట్టింది. పనికి ముందు దీపం పెట్టాలి. పని అయ్యాక దీపం కొండెక్కనిచ్చి కుంది మీద వేలు రాసి చూడాలి. వేలికి ఏ కాస్త అంటినా మర్నాడు పని లేదు, గది కడగడమే. "దేవుడి ముందు పడ్డ దుమ్ము నీ ముక్కులో పడలేదనుకుంటే మన పిచ్చే" అనేది. నాకు తెలిసి అంత నిక్కమైన పూజ ఇంకోటి లేదు. అక్కడ భక్తి ఎంతో వేలు చూస్తే తెలిసిపోయేది.

మొదట్లో చెంచాలు చెక్కాను, తరవాత కుంకుమ భరిణెలు. ఉలి జారి వేళ్లు తెగేవి. అత్త పసుపు అద్ది మళ్లీ చేతిలో పెట్టేది. ఆవిడ మెచ్చుకోగా నేను వినలేదు. "బాగుందా అత్తా?" అంటే తిప్పి తిప్పి చూసి, "ఇంకా చెయ్యాల" అనేది. కోపం వచ్చేది. ఆ కోపంతో ఇంకా చేసేదాన్ని. ఆ చలికాలమంతా మిల్లులు ఆడుతూనే ఉన్నాయి. గది బయట నాకు రెండు మూడుసార్లు ఆయాసం వచ్చింది. గదిలో ఒక్కసారీ రాలేదు. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ నా ఊపిరి వింటూ ఉండేది.

మరుసటి వేసవి మొదట్లో అత్త నన్ను బాపట్ల తీసుకెళ్లింది, వాళ్ల నాన్నను చూపించడానికి, పచ్చి పనసదుంగ తేవడానికి. రైలుబొగ్గు నుసి తగలకుండా నా ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టింది. పెట్టెలో అందరూ జరిగి కూర్చున్నారు.

"పిల్లకి ఏంటమ్మా, అంటుజబ్బా?" అన్నాడు ఎదురుగా ఒక పెద్దమనిషి.

"అవునండి బాబాయిగారూ. అంటుకుంటే ఒళ్లు వొంచి పని చెయ్యాలనిపించిద్ది. మీరు కాస్త ఇటు జరగండి" అంది. పెట్టెంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నాకు కిటికీ పక్క చోటిచ్చాడు. రైలెక్కడం నాకు అదే మొదలు. తడిగుడ్డ వెనకనుంచి వెనక్కి పోయే పొలాలు చూస్తూ, గుడ్డ కట్టుకునైనా లోకం చూడవచ్చన్నమాట అనుకున్నాను.

వాళ్ల నాన్నను కోటయ్య తాతయ్య అనేదాన్ని. వసారాలో పడకకుర్చీలో ఆనుకుని కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, కళ్లు మూసుకుని కాసేపు నా ఊపిరి విన్నాడు.

"నీదీ నాదీ ఒకటే పాటే తల్లీ. చెక్కని తిట్టమాక. చెక్కది తప్పు కాదు. నేను తలుపేసుకుని కోశాను. నువ్వు తలుపు తీసుకుని చెక్కు" అన్నాడు. పెరట్లో పడి ఉన్న పనసదుంగ చూపించి, "దీంతో ఏం చేస్తావ్?" అని అడిగాడు.

"మా రాములవారికి మందిరం" అనేశాను. అత్త కనుబొమలు ఎగిరాయి. చెంచాల నుంచి ఒక్కసారే మందిరానికి! తాతయ్య నవ్వాడు, నవ్వితే దగ్గాడు, దగ్గుతూనే, "ఇచ్చెయ్యవే వీరా, పిల్ల దేవుడితో మాటనేసింది" అన్నాడు.

నాలుగు స్తంభాలు, పైన చిన్న శిఖరం. ఎండలు ముదిరేలోగా స్తంభాలు చెక్కాను. ఇక్కడే అత్త పొరపాటు చేసింది. ఆవిడ చేసిన పొరపాట్లలో నేనెరిగింది ఇదొక్కటే. పచ్చి చెక్క త్వరగా ఆరితే పగుళ్లిస్తుంది. అందుకని బాపట్లలో వాళ్లు చెక్కిన ముక్కలను ఊకలో పూడ్చి నిదానంగా ఆరనిచ్చేవారు. మా ఇంట్లో నా మూలాన ఊక నిషేధం. అత్త ఆలోచించి, "ఊక లేకపోతే ఏంటి, ఊక కప్పుకున్న వడ్లు లేవా?" అంది. స్తంభాల కొసలకు తడిగుడ్డలు చుట్టి, మూల ఉన్న పెదనాన్న విత్తనపు బస్తాల్లో లోతుగా గుచ్చేసింది. పైన దుప్పటి కప్పేసింది. వడ్రంగుల బిడ్డ గనక వడ్లంటే ఆవిడకు ఊక తొడుక్కున్న బియ్యం, అంతే.

రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. నారు పోసేముందు విత్తనాన్ని నానబెట్టి, మూటగట్టి, వెచ్చగా ఉంచితే మొలకలొస్తాయి. దాన్ని మండె కట్టడం అంటారు. కాలవకు నీళ్లొదిలాక చెయ్యాల్సిన పని అది. తడిగుడ్డలు, పచ్చి చెక్క, బస్తాలో వెచ్చదనం! పెదనాన్న నగరంనుంచి విత్తనం చూసుకోవడానికి వచ్చి, బస్తా మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టారు. మేమంతా వసారాలో ఉన్నాం. ఆయన గదిలోంచి బయటికొచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చేతిలో నా స్తంభం. దాని నిండా గడ్డంలా వేలాడుతూ తెల్లటి మొలకలు.

"కాలవకి నీళ్లొదలకముందే నా వడ్లకి మండె కట్టిందెవరు?"

"నేనండి అన్నయ్యగారూ" అంది వీరరాఘవమ్మత్త, ఒక్క క్షణం ఆగకుండా. "తెలీక పెట్టాను. తప్పు నాది. కానీ, ఇంత బాగా మొలిచినయ్యంటే విత్తనం మంచిదనేగా!"

బ్రహ్మం మామయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. పెదనాన్న మొహం కందగడ్డయింది.

"ఆ గదికి తాళం తెండి! రోగిష్టిపిల్లకి ఉలి ఏంటి? మన నడిమింట్లో వడ్రం ఏంటి? నలుగురూ నవ్వుతున్నారు. పిల్ల మంచం మీద ఉండాల. ఈవిడ ఇల్లు ఖాళీ చెయ్యాల." అటక మీది తాళంకప్ప ఆయనే తీసుకున్నారు. నాన్న అన్నగారి ముందు ఏనాడూ నోరు మెదపలేదు. అప్పుడూ మెదపలేదు.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. ఆయనకంటే ముందు గదిలోకి వెళ్లి, గీత గీసిన చోట నా పీట మీద కూర్చుని, ఉలి చేతిలోకి తీసుకున్నాను. "తాళం వేసుకోండి పెదనాన్నా. నేను లోపలే ఉంటాను" అన్నాను. పెద్దలకు ఎదురుచెప్పడం మా ఇంట్లో లేదు. ఆ మాట అన్నానో లేదో, ఛాతీలో నాకు బాగా తెలిసిన కూత మొదలైంది. గదిలో మొట్టమొదటిసారి. అందరూ విన్నారు.

"చూశారా! వచ్చింది ఆయాసం! ఇంకా ఏం కావాలి?" అన్నారు పెదనాన్న.

నా కళ్ల ముందు నులకమంచం కనిపించింది. అత్త నా దగ్గరికి పరిగెత్తుకు రాలేదు. నిదానంగా గూటి దగ్గరికి వెళ్లి, కుంది రెండు చేతులతో తీసి, పెదనాన్న ముందు పట్టుకుంది.

"వేలు పెట్టి చూడండి అన్నయ్యగారూ. దేవుడి కుంది, కాదనకండి."

కాదనలేక ఆయన వేలు రాశారు. వేలు చూసుకున్నారు. ఏమీ లేదు.

"ఇక్కడ దుమ్ము లేదండి. పిల్లకి ఈ ఆయాసం చెక్కతో రాలా, కోపంతో వచ్చింది. తాళం వెయ్యాలంటే మీరు దాని కోపానికి వెయ్యాల. దానికి సరిపడే తాళంకప్ప ఎక్కడన్నా దొరికిద్దా?"

 అందరూ అమ్మ నిలబడ్డ తలుపు వైపు చూశారు. ఒక్కసారి ఆయాసం వస్తే ఇంక లేదన్న షరతు అమ్మదే కదా. బావగారి ఎదుటికి రావడం ఆ రోజుల్లో లేదు. అమ్మ తలుపు చాటునుంచే, గొంతు పెంచకుండా అంది: "బావగారూ, అన్నం చల్లారిపోతోంది. కాళ్లు కడుక్కోండి." ఆ తరవాత అదే గొంతుతో, "పూర్ణా, కాస్త ఊపిరి కుదుటపడనిచ్చి నీ పని కానివ్వు."

అమ్మ జన్మలో చేసిన ఎదిరింపు అదొక్కటే. ఆ ఒక్కదానికీ నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. పెదనాన్న తాళంకప్ప అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కుని, భోంచేసి, బస్తాలు బండికెత్తించుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఏడు విత్తనం పక్కింట్లో పెట్టుకున్నారు. గది గురించి ఆ తరవాత ఒక్క మాట అనలేదు. ఆయన ఒప్పుకోవడం అంటే అదే. అంతకంటే ఆయన్నుంచి ఆశించడం కూడా అన్యాయం.

మొలకల వేళ్లు పచ్చి చెక్క మీద వెంట్రుకల్లాంటి గీతలు దించాయి. ఎంత గీకినా ఒక స్తంభానికి అవి పోలేదు. ఆ స్తంభాన్ని వెనక్కి పెడదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "ముందుకు పెట్టవే. ఎవరన్నా ఏంటని అడిగితే సిగ్గుపడకుండా చెప్పు" అంది. ముందుకే పెట్టాను. ఇప్పుడు నేను దీపం పెడుతున్నది ఆ మందిరంలోనే.

డెబ్బైలు వచ్చాక బ్రహ్మం మామయ్యకు పడవలు చేసే పని దొరికి వాళ్లు రేపల్లె వెళ్లిపోయారు. గది నాకు మిగిలింది. పెళ్లి మాటలు వచ్చినప్పుడు నా ఊపిరి సంగతీ ఉలి సంగతీ రెండూ ముందే చెప్పెయ్యమన్నాను. విన్నవాళ్లు మర్యాదగా వెళ్లిపోయారు. నాకు చింత కలగలేదు. చుట్టుపక్కల ఊళ్లనుంచి మందిరాలు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు. ఆడమనిషి చేసిందా అని వెనుదిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఆపలేదు. దేవుడికి అభ్యంతరం లేనప్పుడు మధ్యలో నేనెవరిని బతిమాలాలి?

కొన్నేళ్లకు మామయ్య దగ్గరనుంచి కబురొచ్చింది, అత్త మంచం పట్టిందని. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, ఒక్కదాన్నే రేపల్లె రైలెక్కాను. చిన్న అద్దె ఇల్లు. నడుము కింద సత్తువ పోయి పడుకుని ఉంది. మంచం కింద గోనెసంచిలో ఉలులు మూటగట్టి ఉన్నాయి.

"ఇంటావిడ పని చెయ్యొద్దంది" అంది అత్త, నన్ను చూడగానే. "ఈవిడ డాక్టరుగారి కంటే గట్టిది. చెక్కే వద్దంది!" అని నవ్వింది. ఆ నవ్వులో ఓటమి లేదు గానీ అలసట ఉంది. ఆవిడ గొంతులో అలసట వినడం నాకు అదే మొదలు. భరించలేకపోయాను.

చీర చెంగు బిగించాను. పరుపులూ బొంతలూ ఎండకు వేశాను. నేల కడిగాను. అగరువత్తి వెలిగించి, మంచం చుట్టూ తిరిగి పొగ ఎటు పోతోందో చూసి, మామయ్యా నేనూ కలిసి మంచాన్ని గాలివాలుకు తిప్పాం. తలుపుకు తడిగోనె కట్టాను, వాళ్ల కుంది తోమి మంచం దగ్గర పెట్టాను. అలికిడికి ఇంటావిడ వచ్చింది.

"ఏంటిది? నువ్వెవరమ్మా అసలు?"

"ఈవిడ దగ్గర ఊపిరి పీల్చడం నేర్చుకున్నదాన్నండి అక్కయ్యగారూ. దుమ్ము వద్దంటే మీ మాటకు నేను కట్టుబడతాను. ఈ కుంది మీద రోజూ సాయంత్రం మీరే వేలు పెట్టి చూడండి. ఏ రోజైనా అంటితే ఉలులు నేనే తీసుకుపోతాను. అంటనన్నాళ్లూ మాత్రం ఈవిడ పని ఈవిణ్ణి చేసుకోనివ్వాలి. మీరు కాదన్నా నేనిక్కణ్ణుంచి కదలను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "చూస్తాను, చూస్తాను" అని గొణుక్కుంటూ వెళ్లింది. రోజూ వచ్చి చూసేదట. తరవాత తరవాత కుంది తోమడం కూడా ఆవిడే మొదలుపెట్టిందని మామయ్య చెప్పాడు.

ఆ సాయంత్రం, దిండ్లు ఆనించి కూర్చోబెడితే అత్త కాసేపు చిన్న పనసముక్క మీద ఉలి ఆడించింది. చెయ్యి వణికింది గానీ ఉలి జారలేదు. పొరలు తట్టలో పడ్డాయి. దీపం కొండెక్కాక నేను కుంది తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాను. వేలు రాసి, వెలుతురు వైపు పెట్టి చూసుకుంది. నేనూ చూశాను. వేలు కడిగిన ముత్యంలా ఉంది.

"ఇంకా తుడవాల" అంది.

నేను తల వంచుకుని నవ్వుకున్నాను. ఆవిడ కూడా మొహం అటు తిప్పుకుంది. చివరిదాకా ఆ మంచం మీద కూర్చునే పనిచేసింది. ఆవిడ ఆఖరుగా చెక్కిన కుంకుమ భరిణె మూత సగమే అయింది. దాన్ని నేను పూర్తి చెయ్యలేదు. అలాగే మందిరంలో ఉంచాను.

పోయిన నెల మా తమ్ముడి కొడుకు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కుర్ర డాక్టరు, నెమ్మదస్తుడు. "అమ్మా, ఈ వయసులో మీకు దుమ్ము అసలు మంచిది కాదు" అన్నాడు.

"దుమ్మేగా నాయనా వద్దంటున్నావు?" అని మరోసారి అడిగి రూఢి చేసుకున్నాను.

"అవునండి, దుమ్మే" అన్నాడు.

దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇవాళ పొద్దున మిషను కూత మొదలుకాగానే గోనె ఇంకోసారి తడిపాను. కింద సందు లేదు. కుంది మీద వేలు పెట్టి చూశాను. ఏమీ అంటలేదు. అయినా ఇంకోసారి తుడిచి, దీపం పెట్టి, గాలి నా పక్కగా పోయేచోట పీట వేసుకుని కూర్చుని, ఉలి తీశాను.